బైండింగ్ లేని డ్రాప్‌డౌన్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

జావా వెబ్ ఫారాల్లో డ్రాప్‌డౌన్‌ల గురించి వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం. చాలా ప్రశ్నల్లో చిక్కు ఒక్కచోటే ఉంది. డ్రాప్‌డౌన్‌లో రెండు పనులుంటాయి: జాబితా నింపడం ఒకటి, అందులో ఏది ఎంపికైందో గుర్తుపెట్టడం రెండోది. డేటా బైండింగ్ (ఫారంలోని ఫీల్డును జావా ఆబ్జెక్ట్‌లోని ఫీల్డుకు ముడిపెట్టడం) ఉంటే ఎంపిక సంగతి ఫ్రేమ్‌వర్క్ చూసుకుంటుంది. లేకపోతే ఆ రెండూ మనమే చేయాలి. పేజీ ఏ దారిన తెరమీదికి వచ్చినా చేయాలి.

ప్రశ్న: స్ప్రింగ్ ఎంవీసీలో రిపోర్టులు వెతికే పేజీ రాస్తున్నాను. డ్రాప్‌డౌన్‌లో శాఖల జాబితా చూపిస్తే చాలు, వెనక ఏ బీనూ (ఫారం విలువలు పట్టుకునే జావా ఆబ్జెక్ట్) లేదు. స్ప్రింగ్ ఫారం ట్యాగుల్లోని సెలెక్ట్ వాడితే ‘నైదర్ బైండింగ్‌రిజల్ట్ నార్ ప్లెయిన్ టార్గెట్ ఆబ్జెక్ట్ ఫర్ బీన్ నేమ్ కమాండ్’ అంటూ ఎర్రర్ వస్తోంది. జాబితాను మోడల్‌లో, అంటే పేజీకి పంపే డేటాలో, పెట్టాను కదా, ఇంకేం కావాలి?

జవాబు: మీరు పెట్టింది జాబితా. ఆ ట్యాగ్ వెతుకుతున్నది ఎంపికైన విలువ ఉండే ఆబ్జెక్ట్‌ను. స్ప్రింగ్ ఫారం ట్యాగుల్లో సెలెక్ట్, ఇన్‌పుట్ వంటివన్నీ పాత్ అనే అట్రిబ్యూట్ ద్వారా ఒక ఆబ్జెక్ట్‌లోని ఫీల్డ్‌కు ముడిపడి ఉంటాయి. ఫారం ట్యాగ్‌లో మోడల్ అట్రిబ్యూట్ పేరు ఇవ్వకపోతే ‘కమాండ్’ అన్న పేరుతో వెతుకుతాయి. ఆ పేరుతో మోడల్‌లో ఏదీ లేదు కాబట్టి పేజీ అక్కడే ఆగిపోయింది.

మీ పేజీకి ఆ ట్యాగులు అక్కర్లేదు. మామూలు హెచ్‌టీఎంఎల్ సెలెక్ట్ రాసి, దాని నేమ్ అట్రిబ్యూట్‌కు మీరే ఒక పేరు ఇవ్వండి. లోపల, జేఎస్‌పీ (సర్వర్‌లో హెచ్‌టీఎంఎల్ తయారుచేసే జావా పేజీ) కోసం ఉన్న ట్యాగుల లైబ్రరీ జేఎస్‌టీఎల్‌లోని ఫర్‌ఈచ్ ట్యాగ్ పెట్టి, ఐటమ్స్‌కు మోడల్‌లోని జాబితా, వార్‌కు ఒక చిన్న పేరు ఇవ్వండి. ఫర్‌ఈచ్ మధ్యలో ఒక్క ఆప్షన్ ట్యాగ్ చాలు. దాని వాల్యూ శాఖ ఐడీ, పైకి కనిపించేది శాఖ పేరు. వాల్యూ రాయడం మరిచిపోతే బ్రౌజర్ పైకి కనిపించే పేరునే సర్వర్‌కు పంపుతుంది. అప్పుడు ఐడీ రావాల్సిన చోట ‘ఖాతాల శాఖ’ అన్న మాటలు వచ్చి, నంబర్‌గా మార్చేచోట కోడ్ పడిపోతుంది.

పేరును నేరుగా డాలర్ గుర్తు, ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య రాయకండి, జేఎస్‌టీఎల్ ఔట్ ట్యాగ్‌తో రాయండి. జేఎస్‌పీలో నేరుగా రాసిన ఎక్స్‌ప్రెషన్ ఏ అక్షరాన్నీ ఎస్కేప్ చేయదు, అంటే హెచ్‌టీఎంఎల్‌గా పనిచేయకుండా మార్చదు. శాఖ పేరులో చిన్న కోణం గుర్తు ఉంటే జాబితా చెదిరిపోతుంది. ఆ పేరును బయటివాళ్లు మార్చగలిగితే స్క్రిప్ట్ దూర్చడానికీ దారి దొరుకుతుంది. వాల్యూలో అక్షరాల కోడ్ పెడుతుంటే దానికీ ఇదే జాగ్రత్త కావాలి. అందులో జంట కొటేషన్ గుర్తు పడితే అట్రిబ్యూట్ మధ్యలోనే తెగిపోతుంది.

ఫర్‌ఈచ్‌కు పైన, వాల్యూను ఖాళీ స్ట్రింగ్‌గా ఉంచి ‘ఎంచుకోండి’ అని ఒక ఆప్షన్ రాయండి. అది లేకపోతే బ్రౌజర్ మొదటి శాఖనే ఎంపికైనట్టు చూపిస్తుంది. వాడేవాళ్లు ఏమీ ముట్టుకోకపోయినా ఆ శాఖ ఐడీయే వెళ్తుంది. సెలెక్ట్‌కు రిక్వైర్డ్ పెడితే, ఈ ఖాళీ ఆప్షన్ ఎంపికై ఉన్నంతసేపు బ్రౌజర్ ఫారాన్ని పంపదు. ఖాళీ ఆప్షన్ జాబితాలో మొదటిదై ఉండాలి.

ఇక అందుకునే వైపు. కంట్రోలర్ మెథడ్‌లో రిక్వెస్ట్ ప్యారామ్ టైపును పెద్ద ఎల్‌తో మొదలయ్యే లాంగ్‌గా ఉంచి, రిక్వైర్డ్‌ను ఫాల్స్ చేయండి. ఖాళీ స్ట్రింగ్ వస్తే అది నల్ అవుతుంది. ప్రిమిటివ్ లాంగ్ అయితే నల్‌ను పట్టలేక ఎర్రర్ ఇస్తుంది. ఉత్త సర్వ్‌లెట్‌లో (స్ప్రింగ్ లేకుండా రిక్వెస్ట్ అందుకునే జావా క్లాసు) అయితే పార్స్‌లాంగ్‌కు ఇచ్చే ముందు ఖాళీయో కాదో మీరే చూడాలి. లేకపోతే నంబర్‌ఫార్మాట్‌ఎక్సెప్షన్ తప్పదు.

ఫారంలో ఏడెనిమిది ఫీల్డులు, వాటికి రకరకాల తనిఖీలు ఉంటే మాత్రం బైండింగ్ వదులుకోవద్దనే మా సలహా. అలాంటప్పుడు ఖాళీ బీన్ ఒకటి తయారుచేసి మోడల్‌లో పెట్టడం ఒక్క లైను పని. ఒకటి రెండు డ్రాప్‌డౌన్‌లున్న వెతుకులాట పేజీకి ఆ భారం అక్కర్లేదు.

ప్రశ్న: ఫారం మొదటిసారి తెరిస్తే జాబితా బాగానే కనిపిస్తోంది. తప్పు వివరాలతో పంపితే ఎర్రర్ సందేశంతో అదే పేజీ తిరిగి వస్తోంది, కానీ డ్రాప్‌డౌన్ ఖాళీ. ఎందుకు?

జవాబు: జాబితా రిక్వెస్ట్‌తో పుట్టి రిక్వెస్ట్‌తోనే పోతుంది. పేజీ తెరిచింది గెట్ రిక్వెస్ట్, మీరు జాబితా పెట్టింది దానికోసం రాసిన మెథడ్‌లో. వివరాలు పంపింది పోస్ట్. తనిఖీలో తప్పు దొరికి మీరు అదే వ్యూ పేరు తిరిగి ఇచ్చినప్పుడు, ఈ రెండో రిక్వెస్ట్ మోడల్‌లో జాబితా ఎవరూ పెట్టలేదు. జేఎస్‌పీలో ఫర్‌ఈచ్‌కు నల్ దొరికితే ఎర్రర్ కూడా ఇవ్వదు. ఒక్కసారీ తిరగకుండా మౌనంగా బయటికి వస్తుంది. అందుకే లాగ్‌లో మీకేమీ కనిపించలేదు.

మందు సులువు. జాబితాలు నింపే పనిని ఒక ప్రైవేట్ మెథడ్‌గా విడదీసి, గెట్ మెథడ్‌లోనూ, పోస్ట్ మెథడ్‌లో తప్పు దొరికిన చోటా పిలవండి. సర్వ్‌లెట్ రాసేవాళ్లకూ ఇంతే: జేఎస్‌పీకి ఫార్వర్డ్ చేసే ప్రతి చోటా దానికి ముందు ఆ మెథడ్ పిలుపు ఉండాలి. జేఎస్‌పీ ఫైలును వెబ్‌ఇన్ఫ్ ఫోల్డర్ లోపల పెట్టండి. బయట ఉంటే ఎవరైనా దాని చిరునామా నేరుగా కొట్టి తెరవొచ్చు. అప్పుడు సర్వ్‌లెట్ నడవదు, జాబితా ఖాళీగానే వస్తుంది. ‘నాకు కొన్నిసార్లే ఖాళీగా వస్తోంది’ అన్న ఫిర్యాదులకు చాలాసార్లు కారణం ఇదే.

స్ప్రింగ్‌లో మరో దారి ఉంది. జాబితాను తిరిగి ఇచ్చే మెథడ్ మీద మోడల్ అట్రిబ్యూట్ యానొటేషన్ పెడితే, ఆ కంట్రోలర్‌లోని ప్రతి హ్యాండ్లర్ మెథడ్‌కు ముందు స్ప్రింగ్ దాన్ని నడుపుతుంది. యానొటేషన్‌లో పేరు మాత్రం తప్పక రాయండి. రాయకపోతే స్ప్రింగ్ టైపును బట్టి తానే ఒక పేరు కల్పిస్తుంది, జేఎస్‌పీలో మీరు రాసిన పేరు దానితో కలవదు. ఈ దారిలో మూడు చిక్కులున్నాయి. మొదటిది, ‘ప్రతి’ అంటే నిజంగా ప్రతి మెథడ్‌కూ అనే అర్థం. అదే కంట్రోలర్‌లో జేసన్ (డేటాను టెక్స్ట్‌గా పంపే పద్ధతి) ఇచ్చే మెథడ్, విజయవంతంగా సేవ్ చేసి దారి మళ్లించే మెథడ్ ఉంటే వాటికీ డేటాబేస్ క్వెరీ అనవసరంగా నడుస్తుంది. రెండోది, ఎక్సెప్షన్ హ్యాండ్లర్ మెథడ్‌కు ఈ మోడల్ అందదు. అక్కడినుంచి ఫారం వ్యూ ఇస్తే జాబితా మళ్లీ ఖాళీయే. మూడోది చూసినప్పుడు చాలామంది కంగారు పడతారు. స్ప్రింగ్ 5, అంతకు ముందు వెర్షన్లలో రీడైరెక్ట్ చేసినప్పుడు మోడల్‌లోని సాదా విలువలు, స్ట్రింగుల జాబితాలతో సహా, కొత్త చిరునామా చివర ప్యారామీటర్లుగా అతుక్కుంటాయి. యాభై పేర్ల స్ట్రింగ్ జాబితా ఉంటే యాభై పేర్లూ అడ్రస్ బార్‌లోకి ఎక్కుతాయి. హ్యాండ్లర్ మెథడ్‌కు రీడైరెక్ట్ అట్రిబ్యూట్స్ ప్యారామీటర్ చేర్చితే అది ఆగుతుంది.

రెండు మూడు హ్యాండ్లర్లున్న కంట్రోలర్‌లో ప్రైవేట్ మెథడే మేలు. ఎక్కడ నింపుతున్నామో కోడ్ చదివేవాళ్లకు కళ్లముందే ఉంటుంది.

ప్రశ్న: ఉద్యోగి వివరాలు మార్చే పేజీలో, సేవ్ అయి ఉన్న శాఖ డ్రాప్‌డౌన్‌లో ఎంపికై కనిపించాలి. ఐడీలు పోల్చి సెలెక్టెడ్ అని రాస్తున్నాను. టెస్టింగ్‌లో బాగా పనిచేసింది. అసలు డేటాతో కొన్ని శాఖలకు పనిచేస్తోంది, కొన్నింటికి లేదు. కోడ్ మాత్రం ఒకటే.

జవాబు: పనిచేయని శాఖల ఐడీలు చూడండి. అన్నీ 127 దాటి ఉంటే దొంగ దొరికినట్టే. జావా కోడ్‌లో, లేదా జేఎస్‌పీలోని స్క్రిప్ట్‌లెట్‌లో, రెండు ఇంటీజర్ లేదా లాంగ్ ఆబ్జెక్టులను == తో పోలుస్తున్నారన్నమాట. ఆబ్జెక్టుల మధ్య == చూసేది విలువ సమానమా అని కాదు, రెండూ ఒకే ఆబ్జెక్టా అని. -128 నుంచి 127 వరకూ విలువలకు జావా ముందే తయారుచేసి ఉంచిన ఆబ్జెక్టులనే తిరిగి ఇస్తుంది కాబట్టి ఆ హద్దులో పోలిక సరిగ్గానే వచ్చినట్టు అనిపిస్తుంది. 128 నుంచి ప్రతిసారీ మామూలుగా కొత్త ఆబ్జెక్ట్ వస్తుంది, పోలిక తప్పుతుంది. టెస్ట్ డేటాబేస్‌లో పది శాఖలే ఉంటే ఇది ఎప్పటికీ బయటపడదు. ఈక్వల్స్ మెథడ్ వాడండి. ఒకవైపు నల్ రావచ్చు కాబట్టి ఆబ్జెక్ట్స్ క్లాసులోని ఈక్వల్స్ ఇంకా మంచిది.

జేఎస్‌పీ ఎక్స్‌ప్రెషన్ లాంగ్వేజ్‌లో (డాలర్ గుర్తు, బ్రాకెట్లతో రాసేది) రాసిన == ఇలా తప్పదు, అది విలువల్నే పోలుస్తుంది. అయితే దాని బుద్ధి వేరు. ఒకవైపు నంబర్, మరోవైపు స్ట్రింగ్ ఉంటే స్ట్రింగ్‌ను నంబర్‌గా మార్చి చూస్తుంది. అడ్రస్ బార్‌లోని ప్యారామీటర్‌ను నేరుగా ఐడీతో పోలిస్తే, ఎవరైనా అక్కడ అక్షరాలు టైపు చేసినప్పుడు మార్పిడి కుదరక పేజీ 500 ఎర్రర్‌తో పడిపోతుంది. ఖాళీ స్ట్రింగ్ వస్తే దాన్ని సున్నాగా తీసుకుంటుంది. మీ జాబితాలో ఐడీ 0 ఉన్న ఆప్షన్ ఉంటే, ఎవరూ ఎంచుకోకుండానే అది ఎంపికైపోతుంది. నల్ వస్తే మాత్రం ఏ చిక్కూ లేదు, రెండూ సమానం కావని తేలుతుంది.

థైమ్‌లీఫ్‌ను (జేఎస్‌పీ బదులు వాడే టెంప్లేట్ ఇంజన్) స్ప్రింగ్‌తో వాడేవాళ్లకు దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ ఒకే డాలర్ బ్రాకెట్ల లోపల పోలిస్తే నంబర్, స్ట్రింగ్ సమానం కావు. ఎర్రర్ రాదు, ఏ ఆప్షనూ ఎంపిక కాదు. ఈ తేడాలన్నీ గుర్తుంచుకోవడం కన్నా ఒక అలవాటు చేసుకోండి: ప్యారామీటర్‌ను కంట్రోలర్‌లోనే లాంగ్‌గా మార్చి, మారకపోతే నల్ చేసి, ‘ఎంపికైన ఐడీ’ అన్న అర్థం వచ్చే పేరుతో మోడల్‌లో పెట్టండి. పేజీలో దానితోనే పోల్చండి. థైమ్‌లీఫ్‌లో ఫీల్డ్ అట్రిబ్యూట్‌కు బైండింగ్ కావాలి కాబట్టి దాన్ని వదిలేసి, ఆప్షన్ మీద ఈచ్, వాల్యూ, టెక్స్ట్, సెలెక్టెడ్ నాలుగూ విడివిడిగా రాయండి. సెలెక్ట్‌కు నేమ్ కూడా మీరే రాయాలి. అది లేకపోతే ఆ డ్రాప్‌డౌన్ విలువ సర్వర్‌కు అసలు చేరదు.

మీరు అడగలేదు గానీ, ఇదే పేజీలో ఇంకా పెద్ద ప్రమాదం ఒకటి ఉంది. జాబితాలో ప్రస్తుతం నడుస్తున్న శాఖలనే చూపిస్తున్నారనుకుందాం. ఒక ఉద్యోగి శాఖ నిరుడు మూతపడింది. అతని పేజీ తెరిస్తే ఆ శాఖ జాబితాలో లేదు, ఏ ఆప్షన్ మీదా సెలెక్టెడ్ పడదు, బ్రౌజర్ మొదటి ఆప్షన్ చూపిస్తుంది. ఎవరో ఫోన్ నంబర్ మార్చడానికి వచ్చి సేవ్ నొక్కుతారు. అతని శాఖ చడీచప్పుడు లేకుండా మారిపోతుంది లేదా ఖాళీ అవుతుంది. క్వెరీలో ‘నడుస్తున్న శాఖలు, లేదా ఈ ఉద్యోగికి ఇప్పటికే ఉన్న శాఖ’ అని రెండు షరతులు పెట్టండి. ఆ పాత శాఖ పేరు పక్కన ‘మూతపడింది’ అని చూపిస్తే ఇంకా మంచిది.

ప్రశ్న: డ్రాప్‌డౌన్ తెరిస్తే ఖాళీ ఆప్షన్ ఒక్కటే కనిపిస్తోంది. జాబితాలో పన్నెండు ఉన్నాయని లాగ్ చెబుతోంది.

జవాబు: బ్రౌజర్‌లో పేజీ సోర్స్ తెరవండి. ఫర్‌ఈచ్ ట్యాగ్ అక్కడ ఉన్నదున్నట్టు కనిపిస్తే, పేజీ పైన ట్యాగ్‌లిబ్ డైరెక్టివ్ లేదు. ఆ ట్యాగ్‌ను సర్వర్ గుర్తించలేదు, లోపలి ఆప్షన్ ఒక్కసారి మాత్రం ఖాళీగా రాసింది. డైరెక్టివ్ ఉండి, యూఆర్ఐ దొరకలేదని ఎర్రర్ వస్తే జేఎస్‌టీఎల్ జార్ ఫైళ్లు లేవని అర్థం. టామ్‌క్యాట్‌తో అవి రావు. ఏపీఐ, ఇంప్లిమెంటేషన్ రెండూ వెబ్‌ఇన్ఫ్ లోని లిబ్ ఫోల్డర్‌లో ఉండాలి. టామ్‌క్యాట్ 10 నుంచి ప్యాకేజీల పేర్లు జావాఎక్స్ నుంచి జకార్తాకు మారాయి కాబట్టి పాత జార్ దానిలో పనిచేయదు.

పేరు ఉండాల్సిన చోట డాలర్ గుర్తుతో ఎక్స్‌ప్రెషనే కనిపిస్తుంటే వెబ్ ఎక్స్‌ఎంఎల్ ఫైలు మొదటి లైన్లు చూడండి. అది సర్వ్‌లెట్ 2.3 నాటి డిక్లరేషన్ అయితే కంటైనర్ ఎక్స్‌ప్రెషన్లను పట్టించుకోదు. 2.4 గానీ ఆపై వెర్షన్ గానీ రాయండి.

ప్రశ్న: శాఖ క్లాసును జావా రికార్డుగా (డేటా పట్టుకోవడానికే ఉన్న చిన్న క్లాసు) మార్చాం. వెంటనే జేఎస్‌పీలో ‘ప్రాపర్టీ నాట్ ఫౌండ్’ వస్తోంది.

జవాబు: ఎక్స్‌ప్రెషన్ లాంగ్వేజ్ ప్రాపర్టీ పేరు చూడగానే ‘గెట్’తో మొదలయ్యే మెథడ్ కోసం వెతుకుతుంది. రికార్డులో ఆ ‘గెట్’ ఉండదు. ఎక్స్‌ప్రెషన్ లాంగ్వేజ్ 6.0 నుంచే రికార్డులను నేరుగా చదవడం వచ్చింది. టామ్‌క్యాట్ 11లో అది ఉంది. అంతకు ముందు సర్వర్లలో పేరు చివర ఖాళీ బ్రాకెట్లు పెట్టి మెథడ్‌గా పిలవండి, 2.2 నుంచీ అది చెల్లుతుంది.

ప్రశ్న: మొదటి డ్రాప్‌డౌన్‌లో విభాగం ఎంచుకుంటే రెండోదాంట్లో ఆ విభాగపు ఉపవిభాగాలే రావాలి. పేజీ మొత్తం మళ్లీ లోడ్ కాకుండా చేయడం ఎలా? ఇప్పుడు రాసింది పనిచేస్తోంది గానీ అప్పుడప్పుడు వేరే విభాగం తాలూకు ఉపవిభాగాలు కనిపిస్తున్నాయి.

జవాబు: ముందు సర్వర్ వైపు. విభాగం ఐడీ తీసుకుని, ఐడీ, పేరు రెండే ఫీల్డులున్న చిన్న ఆబ్జెక్టుల జాబితాను జేసన్‌గా ఇచ్చే చిరునామా ఒకటి పెట్టండి. జేపీఏ ఎంటిటీని (డేటాబేస్ టేబుల్‌కు ముడిపడ్డ జావా ఆబ్జెక్ట్) ఉన్నపళంగా పంపకండి. విభాగంలో ఉపవిభాగాల జాబితా, ఉపవిభాగంలో మళ్లీ విభాగం ఉంటే జేసన్ తయారుచేసే లైబ్రరీ ఆ రెండింటి మధ్య తిరుగుతూనే ఉండి చివరికి కూలిపోతుంది. ఐడీలు మరీ పెద్దవైతే వాటిని స్ట్రింగులుగా పంపండి. జావాస్క్రిప్ట్ నంబర్ 9007199254740991 దాటితే చివరి అంకెలు మారిపోవచ్చు.

బ్రౌజర్ వైపు, మొదటి సెలెక్ట్ ఛేంజ్ ఈవెంట్‌లో రెండోదాని ఆప్షన్స్ లెంగ్త్‌ను 1 చేయండి. ‘ఎంచుకోండి’ మిగిలి తక్కినవన్నీ పోతాయి. దాన్ని డిజేబుల్ చేసి ఫెచ్‌తో జాబితా అడగండి. వచ్చిన ఒక్కోదానికీ కొత్త ఆప్షన్ ఆబ్జెక్ట్ చేసి చేర్చండి. దానికి మొదట ఇవ్వాల్సింది పేరు, తర్వాత విలువ. ఈ వరస తారుమారు చేస్తే తెరమీద ఐడీలు, సర్వర్‌కు పేర్లు వెళ్తాయి. ఆప్షన్ ట్యాగులను స్ట్రింగుగా అతికించి ఇన్నర్ హెచ్‌టీఎంఎల్‌లో పోయకండి, జేఎస్‌పీలో ఔట్ ట్యాగ్‌తో మూసిన దారి ఇక్కడ మళ్లీ తెరుచుకుంటుంది.

ఇప్పుడు మీ అసలు చిక్కు. వాడేవాళ్లు ఒక విభాగం ఎంచుకుని, అరసెకనులో మనసు మార్చుకుని ఇంకోటి ఎంచుకున్నారు. రెండు ఫెచ్‌లు బయల్దేరాయి. ముందు బయల్దేరినదే ముందు తిరిగొస్తుందని హామీ లేదు. మొదటిది ఆలస్యమైతే దాని జవాబు చివర్లో వచ్చి సరైన జాబితా మీద పడుతుంది. ఫెచ్ మొదలుపెట్టేటప్పుడు విభాగం ఐడీని ఒక స్థానిక వేరియబుల్‌లో దాచండి. జవాబు రాగానే మొదటి సెలెక్ట్ ప్రస్తుత విలువతో పోల్చండి. కలవకపోతే ఆ జవాబును వదిలేయండి. అబార్ట్ కంట్రోలర్‌తో పాత ఫెచ్‌ను రద్దు చేయడం ఇంకో పద్ధతి. రెండో సెలెక్ట్‌ను ఖాళీ చేసే పని మాత్రం ఫెచ్‌కు ముందే కాక, నింపే క్షణంలోనూ మళ్లీ చేయండి. అలా చేస్తే ఒకే విభాగానికి రెండు జవాబులు వచ్చినా పేర్లు రెండేసిసార్లు పడవు.

ఫెచ్ విషయంలో ఇంకో మాట. సర్వర్ 404 గానీ 500 గానీ ఇచ్చినా ఫెచ్ దాన్ని తప్పుగా లెక్కించదు. రెస్పాన్స్‌లోని ఓకే ఫీల్డును మీరే చూడాలి. సెషన్ ముగిసి సర్వర్ లాగిన్ పేజీకి మళ్లిస్తే, ఫెచ్ ఆ మళ్లింపును అనుసరించి 200తో హెచ్‌టీఎంఎల్ పేజీ తెచ్చిపెడుతుంది. దాన్ని జేసన్‌గా చదవబోతే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. రెస్పాన్స్‌లోని రీడైరెక్టెడ్ ఫీల్డ్ ట్రూ అయితే ‘మళ్లీ లాగిన్ కావాలి’ అని చూపించండి. తప్పు వచ్చిన దారిలో రెండో సెలెక్ట్ డిజేబుల్‌గానే మిగిలితే, దాని విలువ ఫారంతో పాటు వెళ్లదు. సర్వర్‌లో ఆ ప్యారామీటర్ నల్‌గా కనిపిస్తుంది.

తనిఖీ తప్పి ఫారం వెనక్కి వచ్చినప్పుడు ఏం కావాలో ఆలోచించారా? పేజీ కొత్తగా వచ్చింది, ఛేంజ్ ఈవెంట్ జరగలేదు, రెండో జాబితా ఖాళీ. ఆ సందర్భంలో ఎంపికైన విభాగానికి చెందిన ఉపవిభాగాలను సర్వరే నింపి, ఎంపికైనదాన్ని గుర్తుపెట్టి పంపాలి. జావాస్క్రిప్ట్ ఉన్నది విభాగం మారినప్పటికి మాత్రమే. బ్యాక్ బటన్ నొక్కినప్పుడు కొన్ని బ్రౌజర్లు మొదటి సెలెక్ట్‌లో పాత ఎంపికను తిరిగి పెడతాయి, రెండోదాంట్లో ఆ ఆప్షన్లు ఉండవు. పేజ్‌షో ఈవెంట్‌లో రెండూ కలుస్తున్నాయో లేదో చూసి, కలవకపోతే జాబితా మళ్లీ తెప్పించండి.

ప్రశ్న: మల్టిపుల్ పెట్టిన సెలెక్ట్‌లో నాలుగు ఎంచుకున్నా సర్వర్‌కు ఒకటే అందుతోంది.

జవాబు: నాలుగూ వస్తున్నాయి. గెట్‌ప్యారామీటర్ మొదటిదాన్నే ఇస్తుంది. గెట్‌ప్యారామీటర్‌వాల్యూస్ వాడండి. ఒక్కటీ ఎంచుకోకపోతే అది ఖాళీ అరే కాదు, నల్ ఇస్తుంది. స్ప్రింగ్‌లో జాబితా టైపు రిక్వెస్ట్ ప్యారామ్ రాసి, రిక్వైర్డ్‌ను ఫాల్స్ చేయకపోతే అప్పుడు 400 ఎర్రర్ వస్తుంది. నల్ అంటే ‘అన్నీ తీసేశారు’ అని తీసుకుని పాత ఎంపికలు చెరిపేయాలి. ‘నల్ వస్తే ఏమీ మార్చను’ అని రాస్తే, చివరి ఎంపికను తీసేయడం ఎవరివల్లా కాదు.

ప్రశ్న: ఈ జాబితాలు ఏడాదికి ఒకసారి కూడా మారవు. ప్రతి పేజీకీ డేటాబేస్ నుంచి చదవాలా? సెషన్‌లో పెట్టొచ్చా?

జవాబు: సెషన్‌లో పెడితే లాగిన్ అయిన ప్రతివాళ్లకూ ఒక నకలు. అందరికీ ఒకటే జాబితా అయినప్పుడు దాని చోటు అప్లికేషన్ స్కోప్, అంటే అప్లికేషన్ మొత్తానికీ ఉమ్మడి చోటు. సర్వ్‌లెట్ కాంటెక్స్ట్ లిజనర్‌లో, అప్లికేషన్ లేచేటప్పుడు ఒకసారి చదివి, మార్చడానికి వీల్లేని జాబితాగా చేసి కాంటెక్స్ట్‌లో పెట్టండి. జావా 10 నుంచి లిస్ట్‌లోని కాపీఆఫ్ ఆ పని చేస్తుంది. జేఎస్‌పీ దాన్ని ఆ పేరుతోనే అందుకుంటుంది. పైన చెప్పిన ‘పోస్ట్‌లో జాబితా ఖాళీ’ చిక్కు కూడా ఇక్కడితో పోతుంది. అయితే అదే పేరు రిక్వెస్ట్‌లోనో సెషన్‌లోనో ఉంటే ముందు అదే దొరుకుతుంది, పేర్లు కలవకుండా చూసుకోండి.

మారవన్న జాబితా కూడా ఏదో ఒకరోజు మారుతుంది. పది నిమిషాలకోసారి మళ్లీ చదివే షెడ్యూల్ పెట్టండి. ఉన్న జాబితాలో చేర్చడం, తీసేయడం చేయకండి. కొత్త జాబితా పూర్తిగా తయారుచేసి పాతదాని స్థానంలో ఒక్కసారిగా పెట్టండి. లేకపోతే అదే క్షణంలో పేజీ రాస్తున్న థ్రెడ్ కాంకరెంట్ మాడిఫికేషన్ ఎక్సెప్షన్‌తో పడిపోవచ్చు. జావా షెడ్యూలర్‌లో నిర్ణీత వ్యవధికి నడిచే పని ఒక్కసారి ఎక్సెప్షన్ విసిరితే ఆ తర్వాత ఇక నడవదు, ఎవరికీ చెప్పదు కూడా. డేటాబేస్ రెండు నిమిషాలు అందకపోతే చాలు, మీ జాబితా ఆ రోజుతో గడ్డకట్టుకుపోతుంది. పని మొత్తాన్ని ట్రై, క్యాచ్‌లో పెట్టి లాగ్ చేయండి. అప్లికేషన్ ఆగేటప్పుడు షెడ్యూలర్‌ను మూసేయండి. రెండు మూడు సర్వర్లలో నడుస్తుంటే ఒక్కోదానికీ ఒక్కో నకలు ఉంటుంది. పది నిమిషాల వరకూ అవి తేడాగా ఉండొచ్చన్నది ముందే ఒప్పుకోవాలి.

డేటాబేస్ నుంచి మ్యాప్‌గా తెచ్చుకుంటే హ్యాష్‌మ్యాప్ వద్దు, వరస ఉండదు. లింక్డ్ హ్యాష్‌మ్యాప్ వాడి, వరసను క్వెరీలోనే నిర్ణయించండి. ఇంటీజర్ కీలున్న మ్యాప్‌లో జేఎస్‌పీ నుంచి 5 అని నేరుగా రాసి వెతికితే ఏమీ దొరకదు. ఎక్స్‌ప్రెషన్‌లో రాసిన 5 లాంగ్ అవుతుంది, ఇంటీజర్ 5 దానికి సమానం కాదు. కీలను మొదటినుంచీ లాంగ్‌గా ఉంచుకోవడమే దీనికి మందు.

ప్రశ్న: జాబితాలో ఎనిమిది వేల వస్తువులున్నాయి. పేజీ నెమ్మదిగా తెరుచుకుంటోంది.

జవాబు: ఒక్కో ఆప్షన్ 60 బైట్లనుకున్నా ఎనిమిది వేలకు 4,80,000 బైట్లు, అంటే దాదాపు అర మెగాబైట్. దాన్ని తగ్గించినా ఎనిమిది వేలలో ఒకటి కంటితో వెతకడం మనిషి చేయగల పని కాదు. టెక్స్ట్ బాక్స్ పెట్టి, మూడు అక్షరాలు పడ్డాక సర్వర్ నుంచి మొదటి 20 ఫలితాలు తెప్పించండి. ఎంచుకున్నదాని ఐడీని హిడెన్ ఫీల్డ్‌లో ఉంచండి. ఆ తర్వాత వాళ్లు పేరులో ఒక్క అక్షరం మార్చినా ఆ హిడెన్ ఫీల్డ్‌ను వెంటనే ఖాళీ చేయాలి. లేకపోతే తెరమీద ఒక వస్తువు పేరు, సేవ్ అయ్యేది వేరే వస్తువు ఐడీ.

ప్రశ్న: డ్రాప్‌డౌన్‌లో మనం పెట్టినవే కదా వస్తాయి. సర్వర్‌లో మళ్లీ తనిఖీ ఎందుకు?

జవాబు: డ్రాప్‌డౌన్ బ్రౌజర్‌లో ఉండే బొమ్మ మాత్రమే. సర్వర్‌కు వచ్చేది ఒక పేరు, ఒక విలువ. ఆ విలువను బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో ఎవరైనా పది సెకన్లలో మార్చగలరు. చెడు ఉద్దేశం లేకపోయినా తప్పు విలువ రావచ్చు: పొద్దున తెరిచిన పేజీని సాయంత్రం పంపితే, ఈలోగా ఆ శాఖ తొలగిపోయి ఉండొచ్చు. వచ్చిన ఐడీ ఈ వాడకందారుకు మీరు చూపించే జాబితాలో ఉందో లేదో చూడండి. టేబుల్‌లో ఉంటే చాలదు, వాళ్లకు కనిపించని శాఖ కూడా టేబుల్‌లో ఉంటుంది. జాబితా తయారుచేసిన క్వెరీనే, అవే షరతులతో, ఒక్క ఐడీకి పరిమితం చేసి నడపడం మంచి పద్ధతి. మారుస్తున్న రికార్డుకు ఇప్పటికే ఉన్న మూతపడ్డ శాఖకు ఇచ్చిన మినహాయింపు ఇక్కడా ఉండాలి. రెండు డ్రాప్‌డౌన్‌లున్న ఫారంలో, వచ్చిన ఉపవిభాగం వచ్చిన విభాగానికే చెందుతుందా అన్నది కూడా ఆ క్వెరీలోనే చేర్చండి. తప్పు తేలితే జాబితాలను తాజాగా నింపి, ఆ డ్రాప్‌డౌన్‌ను ‘ఎంచుకోండి’ దగ్గర ఉంచి, దాని పక్కనే సందేశం చూపించండి.